షెఫీల్డ్ పెరిగిన తీరు ఆరు పటాల్లో: ఏ ఏళ్ళు తీసుకోవాలి, ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

పాతపటం

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ చిన్న సంత ఊరి నుంచి ఉక్కు నగరంగా ఎలా పెరిగిందో ఆరు గోడపటాల్లో చూపించే పని పెట్టుకున్నాను. ఒక్కో పటం పక్కన నాలుగైదు వాక్యాల వివరణకే చోటుంది. చదివినంతలో కొన్ని చోట్ల లెక్క కుదరడం లేదు.

ఓడరేవు లేదు. మంచి ఇనుమేమో స్వీడన్ నుంచి తెచ్చుకునేవారట. అలాంటప్పుడు ఉక్కు పని ఇక్కడే ఎందుకు పాతుకుంది?

పాత నీటిచక్రాలు ఎక్కువగా పడమటి లోయల్లో, పెద్ద ఫ్యాక్టరీలేమో తూర్పున కనిపిస్తున్నాయి. పరిశ్రమ అటు నుంచి ఇటు తరలిపోయిందని బాణం గుర్తు వేయవచ్చా?

1856లో బెస్సెమర్ పద్ధతి రావడంతో మూసల్లో ఉక్కు కరిగించడం ఆగిపోయిందని రాసుకున్నాను. సరేనా?

ఇంకోటి. 1801 జనాభా ఒకచోట 31 వేలు అనీ, మరోచోట దాదాపు 46 వేలు అనీ ఉంది. ఏది వేయాలి?

లోయలదారి

మొదటి ప్రశ్నకు జవాబు ఇనుప ఖనిజంలో వెతక్కండి. ఈ ఊరికి పేరు తెచ్చింది ఇనుము తీయడం కాదు, ఇనుముకు పదును పెట్టడం. 1297 నాటి పన్ను జాబితాలోనే రాబర్ట్ అనే కత్తుల పనివాడి పేరు కనిపిస్తుంది. ఆ కాలానికి ఉక్కు తయారీలో ఊరికి ఏ ప్రత్యేకతా లేదు.

పదును పెట్టాలంటే తిరిగే సానరాయి కావాలి, దాన్ని తిప్పడానికి శక్తి కావాలి. డాన్, షీఫ్, పోర్టర్, లాక్స్‌లీ, రివెలిన్ అనే ఐదు ఏరులు పెనైన్ కొండల నుంచి తక్కువ దూరంలోనే బాగా కిందికి దిగి ఇక్కడ కలుస్తాయి. వీటిలో ఏదీ పెద్ద నది కాదు. కానీ పల్లం ఎక్కువ కావడంతో ఏటికి అడ్డంగా చిన్న ఆనకట్ట కట్టి, పక్క కాలువలోకి నీళ్ళు మళ్ళించి, చెరువులో నిలవచేసి చక్రం మీదికి వదిలితే పని జరుగుతుంది. ఆ చక్రం కింద వదిలిన నీళ్ళనే కొంచెం దిగువన ఇంకొకరు పట్టుకుంటారు. రివెలిన్ లోయ ఒక్కదానిలోనే ఇలా ఇరవై దాకా ఉండేవి. 18వ శతాబ్దం చివరికి ఐదు ఏరుల మీదా కలిపి నూరు దాటాయి. వేసవిలో ఏరు సన్నబడితే చెరువు నిండేదాకా ఆగాల్సిందే. అందుకే ఒక్కో చోట పని చిన్నగానే ఉండిపోయింది, చోట్లు మాత్రం పెరిగాయి.

సానరాళ్ళకు తగిన ఇసుకరాయి, బొగ్గు పొరలు, కొలిమి లోపలి పూతకు పనికొచ్చే గానిస్టర్ అనే గట్టి రాయి, ఇవన్నీ చుట్టుపక్కలే దొరికేవి. దీనికి తోడు 1624లో పార్లమెంటు చట్టంతో కట్లర్స్ కంపెనీ, అంటే కత్తుల పనివాళ్ళ సంఘం, ఏర్పడింది. హాలంషైర్‌లోనూ (షెఫీల్డ్, దాని చుట్టుపక్కల ప్రాంతం పాత పేరు) దాని చుట్టూ ఆరు మైళ్ళలోనూ ఎవరు శిష్యరికం చేయాలి, ఎవరు ఏ గుర్తు కొట్టుకోవాలి అనేది ఆ కంపెనీ చూసేది. పని అప్పటికే ముక్కలుగా విడిపోయి ఉంది: రేకు కొట్టేవాడు వేరు, సానపట్టేవాడు వేరు, పిడి వేసేవాడు వేరు. ఇలా చిన్న గదిలో సొంతంగా పనిచేసుకునేవాళ్ళను అక్కడ 'లిటిల్ మెస్టర్' అంటారు. ఒక్క కత్తి మూడు నాలుగు వీధులు తిరిగేది. ఆ అల్లిక ఒకసారి ఏర్పడ్డాక ఇనుము ఎక్కడి నుంచి వచ్చినా పని ఊరు దాటిపోలేదు.

పటాల విషయానికొస్తే, మొదటిదానికి 1300 ప్రాంతం తీసుకోండి. షీఫ్ వచ్చి డాన్‌లో కలిసే మూలలో కోట, పైన చర్చి, మధ్యలో సంత. సంతకు అనుమతి 1296లో వచ్చింది. కోటను అంతర్యుద్ధం తర్వాత 1648 నుంచి కూల్చేశారు కాబట్టి రెండో పటంలో దాన్ని చూపించకండి. రెండోదానికి 1736 సరైన ఏడు. రాల్ఫ్ గాస్లింగ్ వేసిన వివరమైన పట్టణ పటం ఆ ఏటిదే.

చాలామంది తప్పు చేసే చోటు ఇంకొకటుంది. ఏరుల గీతలను ఇవాళ్టి వీధి పటం చూసి గీస్తారు. రైల్వే స్టేషన్ దగ్గర షీఫ్, పోర్టర్ రెండూ భూమి కింద సొరంగాల్లో పోతాయి కాబట్టి వాటి సంగమమే కనిపించదు. ముందు ఎత్తుపల్లాల గీతలు, వాటి మీద పాత ఏరుల దారులు వేయండి. ఆ తర్వాతే వీధులు. ఆరు పటాలకూ అడుగున అదే పొర ఉంచండి.

మూసపోత

లోయలదారి గారు పదును గురించి చెప్పింది నిజమే. అయితే 1740ల్లో జరిగింది చెప్పకపోతే మూడో పటం అర్థం కాదు.

అంతకుముందు ఉక్కు ఇలా చేసేవారు. స్వీడన్ ఇనుప కడ్డీలను రాతి పెట్టెల్లో ఒక వరస కర్రబొగ్గు పొడి, ఒక వరస కడ్డీలు చొప్పున పేర్చి, గాలి చొరకుండా పైన మూసి, వారం రోజులు, అంతకుమించి కూడా కాల్చేవారు. పైన మూయడానికి వాడేది సానరాళ్ళ కింద పేరుకున్న బురద, అంటే రాతి పొడీ ఇనుప రజనూ కలిసిన ముద్ద. ఒక వృత్తి వ్యర్థం ఇంకో వృత్తికి సరుకైంది, ఈ ఊరి పద్ధతే అంత. పెట్టెలు నింపడం, కాల్చడం, చల్లార్చడం అన్నీ కలిపి మూడు వారాలు. బయటికి తీసిన కడ్డీ మీద పొక్కులు లేచి ఉంటాయి. పైభాగంలో కార్బన్ ఎక్కువ, నడుమ తక్కువ. కత్తికి సర్దుకోవచ్చు గానీ గడియారం స్ప్రింగుకు ఈ తేడా పనికిరాదు, బలహీనమైన చోట విరుగుతుంది. ఆ కొలిమి ఎలా ఉంటుందో చూడాలంటే డాన్‌కాస్టర్ వీధిలో సీసా ఆకారపు కట్టడం ఇంకా నిలబడి ఉంది. 1848లో కట్టారు, చివరిసారి 1951లో వెలిగింది.

డాన్‌కాస్టర్‌లో గడియారాలు చేసే బెంజమిన్ హంట్స్‌మన్ షెఫీల్డ్ పక్కన హ్యాండ్స్‌వర్త్‌కు వచ్చి, ఆ పొక్కుల ఉక్కునే ముక్కలు కొట్టి మూసలో పూర్తిగా కరిగించాడు. కరిగితే కార్బన్ అంతటా సమానంగా కలుస్తుంది, చిట్టెం (కరిగిన మలినం) పైకి తేలుతుంది. చెప్పడానికి తేలికే. కష్టమల్లా దాదాపు 1,600 డిగ్రీల వేడిని గంటలకొద్దీ తట్టుకునే మట్టిపాత్ర చేయడంలో ఉంది.

మూస తయారీ ఇది. మంటను తట్టుకునే రెండు మూడు రకాల బంకమట్టి, కొంచెం కోక్ (గాలి లేకుండా కాల్చిన బొగ్గు) పొడి, పాత మూసల పొడి నీళ్ళతో కలిపి, నేల మీద పరిచి, వట్టి కాళ్ళతో గంటల తరబడి తొక్కాలి. పారతో కలిపితే సరిపోదా అంటే సరిపోదు. లోపల చిన్న రాయి గానీ గాలి బుడగ గానీ మిగిలితే కొలిమిలో అక్కడే పగులుతుంది, సుమారు 25 కిలోల ఉక్కు నిప్పుల్లో కలిసిపోతుంది. రాయి ఉంటే పాదానికి తెలుస్తుంది. చేసిన మూసలను వారాలపాటు నెమ్మదిగా ఆరబెట్టి, వాడే ముందు రాత్రి ఎర్రగా కాల్చి, చల్లారనివ్వకుండా నేరుగా కొలిమి గుంటలో దించుతారు.

మొదటి కరుగుకు మూడు నాలుగు గంటలు పడుతుంది. కరిగాక వెంటనే పోయకూడదు. ఇంకో అరగంట వేడి మీదే ఉంచాలి. లేకపోతే లోపలి వాయువు బయటికి పోక, పోసిన దిమ్మె తేనెపట్టులా బొక్కలు పడుతుంది. ఎక్కువసేపు ఉంచితే దిమ్మె చూపుకు బాగుంటుంది గానీ ఉక్కు పెళుసవుతుంది. దీన్ని తేల్చేది మేస్త్రీ కన్నే. మోకాళ్ళ నుంచి నడుం దాకా తడి గోనె చుట్టుకున్న మనిషి గుంట మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, పొడవాటి పట్టకారుతో మూసను పైకి లాగుతాడు. పోసేవాడు దాన్ని ఇనుప అచ్చులోకి వంచుతాడు. ధార అచ్చు గోడకు తగలకుండా నట్టనడుమ పడాలి. తగిలితే అక్కడ గడ్డకట్టి, దిమ్మె మీద అతుకు పడుతుంది, సుత్తి దెబ్బకు అక్కడే చీలుతుంది. అచ్చు లోపల ముందుగానే మసి పట్టిస్తారు, ఉక్కు అంటుకోకుండా. దిమ్మె చల్లారేటప్పుడు పై భాగం కుంగి నడుమ గొట్టంలా బోలు పడుతుంది. దాన్ని తగ్గించడానికి తర్వాతి రోజుల్లో ఎర్రగా కాల్చిన మట్టి కట్టును అచ్చు మూతి దగ్గర పెట్టేవారు.

ఒక మూస ఒకే రోజులో మూడుసార్లు పనిచేస్తుంది, అంతే. చల్లారితే పగులుతుంది. పైగా చిట్టెం తేలే మట్టం దగ్గర గోడను తినేస్తుంది. అందుకే రెండోసారి, మూడోసారి సరుకు కొంచెం కొంచెం తగ్గించి వేస్తారు, చిట్టెం అదే గీత మీద మళ్ళీ తగలకుండా.

మీ పటానికి దీనితో సంబంధం ఏమిటంటే, ఈ పనికి నీటిచక్రం అక్కర్లేదు. గాలి లాగే ఎత్తైన పొగగొట్టం, కింద గాలికీ బూడిదకూ నేలమాళిగ, కోక్, మట్టి ఉంటే చాలు. అంటే ఉక్కు కరిగించే పని ఏటి గట్టును వదిలి ఊరి నడిమికీ తూర్పున ఉన్న ఆటర్‌క్లిఫ్ వైపుకీ పోగలిగింది. హంట్స్‌మన్ కూడా 1751లో ఆటర్‌క్లిఫ్‌కే మారాడు. తూర్పు వైపు తొలి అడుగు బెస్సెమర్‌ది కాదు. వందేళ్ళ ముందే పడింది.

పాతపటం

చాలా ఉపయోగపడింది. అయితే స్వీడన్ ఇనుము షెఫీల్డ్ చేరే దారిని పటంలో ఎలా గీయాలి? బెస్సెమర్ సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

పట్టాలబండి

దారి మూడు దశల్లో గీయండి. మొదట తూర్పు తీరంలోని హల్ రేవు నుంచి నదుల మీదుగా బాట్రీ అనే ఊరి దాకా పడవ, అక్కడి నుంచి బండ్లు. 1751కి డాన్ నదిని టిన్స్‌లీ దాకా పడవలు నడిచేలా బాగుచేశారు, ఇక బండి దారి నాలుగైదు కిలోమీటర్లే మిగిలింది. 1819లో కాలువ ఊళ్ళోకే వచ్చింది. టిన్స్‌లీ దగ్గర వరుసగా లాకులు ఉన్నాయి, వాటిని కూడా గుర్తుపెట్టండి, పడవకు ఎక్కువ ఆలస్యం అక్కడే.

రైలు 1838లో రాథరమ్ నుంచి వచ్చింది, డాన్ లోయ పల్లంలోనే. 1845లో వుడ్‌హెడ్ సొరంగం పూర్తై మాంచెస్టర్‌తో కలిసింది. లండన్ వైపు నేరుగా పోయే ప్రధాన మార్గం మాత్రం 1870 దాకా లేదు. దక్షిణాన కొండలు అడ్డం. అప్పటిదాకా రైలు ఎక్కువగా డాన్ లోయలోనే. పెద్ద ఫ్యాక్టరీలు తూర్పున సావిల్ వీధి పొడవునా వరుసకట్టడానికి ఇదే ముఖ్య కారణం: చదును నేల, పక్కనే రైలు, పక్కనే కాలువ.

బెస్సెమర్ విషయంలో మీరు రాసుకున్న వాక్యం కొట్టేయండి. పెద్ద పాత్రలో కరిగిన ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేసే పద్ధతిని 1856లో ఆయన చెల్టెన్‌హామ్‌లో ప్రకటించాడు, అంతే. హక్కులు కొన్నవాళ్ళు చేసి చూస్తే ఉక్కు పెళుసుగా వచ్చింది. మామూలు బ్రిటిష్ ఇనుములోని ఫాస్ఫరస్‌ను ఆ పాత్ర తీసేయలేదు. గాలి ఊదడం వల్ల మిగిలిపోయిన ఆక్సిజన్ మరో చిక్కు. ఫాస్ఫరస్ తక్కువున్న ఖనిజం ఎంచుకుని, రాబర్ట్ మషెట్ అనే లోహ నిపుణుడు చూపినట్టు చివర్లో మాంగనీసున్న ఇనుము కలిపాక గానీ కుదురుకోలేదు. బెస్సెమరే 1858లో షెఫీల్డ్‌లో ఫ్యాక్టరీ పెట్టి, స్థానికుల కన్నా టన్నుకు 10–15 పౌండ్లు తక్కువకు అమ్మడంతో అప్పుడు మిగతావాళ్ళు కదిలారు. స్థానిక ఉక్కు యజమానులు జాన్ బ్రౌన్, క్యామెల్ రైలు పట్టాల తయారీలోకి దిగారు.

ఆ పాత్రలో టన్నులకొద్దీ ఉక్కు అరగంటలోపే తయారవుతుంది. కానీ అది పట్టాల సరుకు. రంపాలకు, ఆకురాళ్ళకు, లేత్ పనిముట్లకు మూస ఉక్కే కావాలి. రెండూ పక్కపక్కనే పెరిగాయి. నిజానికి మూసల గుంటలు 1856 తర్వాతే ఇంకా పెరిగాయి. వాటిని పక్కకు నెట్టింది 20వ శతాబ్దంలో వచ్చిన విద్యుత్ కొలుములు. షెఫీల్డ్‌లోనే ఉన్న ఆబీడేల్ మూస కొలిమిని రెండో ప్రపంచయుద్ధంలో మళ్ళీ వెలిగించారు కూడా.

ఓడరేవు లేకపోవడం దెబ్బ కొట్టింది మాత్రం పట్టాలనే. పక్కనున్న డ్రాన్‌ఫీల్డ్‌లోని పట్టాల ఫ్యాక్టరీని 1880ల మొదట్లో యంత్రాలతో సహా సముద్రం ఒడ్డున వర్కింగ్టన్‌కు తరలించేశారు. బరువెక్కువ, ధర తక్కువ సరుకు ఇక్కడ నిలవలేదు. షెఫీల్డ్ యుద్ధనౌకల కవచాలకూ ప్రత్యేక మిశ్రమాలకూ మళ్ళింది. 1882లో రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ మాంగనీసు ఉక్కు, 1913లో హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కు. బ్రియర్లీ తుపాకీ గొట్టాల అరుగుదల తగ్గించాలని వెతుకుతుంటే 12.8 శాతం క్రోమియం ఉన్న పోత దొరికింది. దాన్ని కత్తులుగా కొట్టడం కూడా మొదట కుదరలేదు, వేడి తగ్గగానే గట్టిపడిపోయి పనిముట్లనే పాడుచేసేది.

కాబట్టి పడమర నుంచి తూర్పుకు ఒక్క బాణం వేయకండి. పడమటి చిన్న పని అక్కడే సాగింది, కొంత ఆవిరి యంత్రాలతో ఊరి మధ్యకు చేరింది. తూర్పున పుట్టింది వేరే పరిశ్రమ. రెండు రంగులు వాడండి.

ఊపిరి

పై జవాబుల్లో మనుషులు కొంచెం తక్కువయ్యారు. పటం పక్కన ఇచ్చే నాలుగు వాక్యాల్లో ఒకటి సానపట్టేవాళ్ళకు ఇవ్వాలని నా కోరిక.

కత్తి రేకుల్ని తడి రాయి మీద సానపడతారు. ఫోర్కుల్ని పొడి రాయి మీద. మనిషి రాయికి ఎదురుగా, గుర్రం మీద కూర్చున్నట్టు బల్ల మీద కూర్చుని ముందుకు వంగి పనిచేస్తాడు. ముఖం రాయికి అడుగు దూరంలో ఉంటుంది. కొత్త రాయిని గుండ్రంగా చెక్కేటప్పుడు లేచే దుమ్ము అన్నిటికన్నా చెడ్డది. రాతిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి ఫోర్కు పనివాళ్ళు చాలామంది నలభై చూడకుండానే పోయేవారు. దుమ్ము లాగే ఫ్యాన్లు 19వ శతాబ్దం మొదటి సగంలోనే ఉన్నా చాలాకాలం పెట్టలేదు. కనిపించని పగులున్న రాయి తిరుగుతూనే బద్దలైతే పక్క గోడ కూడా మిగలదు. నీటిచక్రం నుంచి ఆవిరికి మారాక ఇంకా నష్టమే జరిగింది. నీళ్ళు తగ్గితే దొరికే విరామం పోయింది, ఒకే కప్పు కింద ఎక్కువ రాళ్ళు తిరిగాయి.

కార్మిక సంఘాల చరిత్ర కూడా ఇక్కడే ముడిపడి ఉంది. చందా కట్టనివాడి రాయికి ఉన్న బెల్టును రాత్రికి రాత్రి ఎత్తుకుపోవడాన్ని 'రాటెనింగ్' అనేవారు. అది 1866లో ఒక ఇంట్లో మందుగుండు పేల్చేదాకా వెళ్ళింది. 1867లో విచారణ సంఘం షెఫీల్డ్‌లోనే కూర్చుంది. 1871లో కార్మిక సంఘాలకు చట్టబద్ధత ఇచ్చిన చట్టానికి దారితీసిన విచారణల్లో ఇదీ ఒకటి.

నీళ్ళ విషయం. 1832 కలరాలో 402 మంది చనిపోయారు. ఊరు పెరిగేకొద్దీ పడమటి కొండల్లో జలాశయాలు కట్టారు. వాటిలో డేల్ డైక్ కట్ట మొదటిసారి నిండుతుండగా 1864 మార్చి 11 రాత్రి తెగింది. సాయంత్రమే ఒక పనివాడు కట్ట మీద పగులు చూశాడు. కట్ట నడుమ బంకమట్టి గోడ, అడుగున దాన్ని దాటుతూ వేసిన నీటి గొట్టాలు. తెగడానికి కారణం గొట్టాలా, కట్టిన తీరా, కింది నేల కదిలిందా అని ఇంజనీర్లు చాలాకాలం వాదించుకున్నారు. లాక్స్‌లీ లోయ పొడవునా 240 మంది పోయారు. నష్టపరిహారం కోసం దాదాపు 7 వేల అర్జీలు వచ్చాయి. వాటిలో పోయిన పనిముట్లు, బట్టలు, కుర్చీలు ఒక్కొక్కటిగా రాసి ఉన్నాయి. ఆ కాలపు కార్మికుడి ఇంట్లో ఏమేం ఉండేవో తెలియడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు. నాలుగో పటంలో వరద దారిని వేరే రంగులో చూపండి.

గాలి దిక్కు కూడా వేయండి. ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది. పొగ తూర్పున కార్మికుల ఇళ్ళ మీదికి పోయింది, యజమానుల భవంతులు పడమట బ్రూమ్‌హిల్, రాన్‌మూర్ ఎత్తుల మీద లేచాయి.

లోయలదారి

ఊపిరి గారు చెప్పిన గాలి బాణం తప్పకుండా ఉండాలి. దానితోనే నగరం రెండు ముక్కలుగా ఎందుకుందో తెలుస్తుంది.

ఏళ్ళు ఇలా తీసుకోండి: 1300, 1736, 1819, 1864, 1914, చివరిది ఇవాళ్టిది. 1940కి విడిగా పటం అక్కర్లేదు. ఆ డిసెంబరులో రెండు రాత్రుల బాంబుదాడిలో 660 మందికి పైగా చనిపోయారు. ఊరి నడిబొడ్డు ఎక్కువగా కాలింది, తూర్పు ఫ్యాక్టరీలకు తగిలిన దెబ్బ తక్కువ. చివరి పటం మీదే ఆ చోట్లను గళ్ళతో చూపితే, అక్కడ కొత్త కట్టడాలు ఎందుకున్నాయో అర్థమవుతుంది. స్టేషన్ వెనక కొండ మీద 1961లో పూర్తయిన పార్క్ హిల్ వేరే కథ. అది ఎక్కువగా పాత మురికివాడలు తీసేసిన చోట వచ్చింది. తూర్పున 1990లో తెరిచిన మెడోహాల్ అంగళ్ళ సముదాయం ఒకప్పటి హ్యాడ్‌ఫీల్డ్ ఉక్కు ఫ్యాక్టరీ నేల మీద ఉంది. ఉక్కు పూర్తిగా పోలేదు. భారీ పోతలు చేసే ఫోర్జ్‌మాస్టర్స్‌ను 2021లో బ్రిటన్ రక్షణశాఖ కొనుక్కుంది.

2007 జూన్ 25 వరద నీరు ఎక్కడిదాకా వచ్చిందో కూడా చివరి పటంలో చిన్న చుక్కలతో చూపండి. కెల్హమ్ ఐలాండ్ మ్యూజియం, మెడోహాల్ రెండూ మునిగాయి. ఒకటి పాత మిల్లు కాలువ పక్కన, రెండోది లోయ అడుగున. అడుగు పొరలో ఎత్తుపల్లాలు వేసుంటే వేరే వివరణ అవసరం ఉండదు.

జనాభా సంగతి. మీకు దొరికిన రెండు అంకెలూ సరైనవే, హద్దులు వేరు. 31 వేలు షెఫీల్డ్ టౌన్‌షిప్‌ది, అంటే పారిష్‌లోని ఒక భాగానిది, మాత్రమే. 46 వేలు మొత్తం పారిష్‌ది (ఒక చర్చి పరిధిలోని ప్రాంతమంతా), అందులో ఆటర్‌క్లిఫ్, బ్రైట్‌సైడ్, ఎక్లెసాల్, రెండు హాలమ్‌లు కూడా ఉన్నాయి. 1843లో పురపాలక సంఘం పారిష్ హద్దులతోనే ఏర్పడింది. కాబట్టి పారిష్ అంకె వేస్తే 1851 నాటి 1,35,000తో పోల్చుకోవచ్చు. టౌన్‌షిప్ అంకె వేసి పోలిస్తే పెరుగుదల ఉన్నదానికన్నా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. 1893లో నగర హోదా రావడంతో హద్దు మారలేదు. కానీ 20వ శతాబ్దంలో చాలాసార్లు మారింది: 1930ల్లో డోర్, టోట్లీ డెర్బీషైర్ నుంచి వచ్చి కలిశాయి, 1967లో మోస్‌బరో వైపు పెరిగింది. 2021 లెక్కలోని 5,56,500 ఈ పెద్ద హద్దుల లోపలిది. ప్రతి అంకె కింద అది ఏ హద్దుదో రాసి, ఆ హద్దునే పటం మీద గీత గీయండి.